నమూనాల నిర్మాణము – మనస్సునకు ఊరట

శరీరమునకు జబ్బు చేసినప్పుడు మనము కొలతలను ఆశ్రయింతుము. జ్వరమును కొలుతుము, రక్తపుపోటును కొలుతుము, మందును చెంచాతో కొలిచి పుచ్చుకొందుము. మనస్సునకు కలిగిన బాధను కొలుచు సాధనమేదియు మన యిండ్లలో లేదు. పైగా, బాధపడు మనస్సు తానే కొలతలను మరచిపోవును. చిన్న మాట కొండంతయై తోచును. చేయవలసిన పది పనులు నూరు పనులుగా కనుపించును. రాత్రి రెండు గంటలకు మెలకువ వచ్చిన వానికి మరునాటి చిన్న చిక్కు తీరని గండమువలె గోచరించుట మనలో అనేకులకు అనుభవములోని విషయమే. అట్టి వేళ ఏదో ఒక చేతిపని ఊరట నిచ్చునని మన పెద్దలు ఎరుగుదురు. అట్టి పనులలో ఒకదానిని గూర్చి నేడు ముచ్చటింపదలచితిని. అది పెద్ద వస్తువులను కొలత తప్పకుండ చిన్నవిగా చేయు పని. అనగా నమూనాల నిర్మాణము.

ఓడ, విమానము, రైలుబండి, వంతెన, గుడి, ఇల్లు – ఏదైనను సరే, అసలు వస్తువులోని ప్రతి కొలతను ఒకే పాలున తగ్గించి నిర్మించినదే నమూనా. ఆ పాలునకే స్కేలు అని పేరు. ప్లాస్టిక్ విమానముల నమూనాలలో మిక్కిలి ప్రచారము పొందిన స్కేలు 1:72. అనగా అసలు విమానములోని 72 అంగుళములు నమూనాలో ఒక్క అంగుళమగును. 72 అంగుళములనగా ఆరడుగులు గదా! కావున ఆరడుగుల మనిషి ఆ చిన్న లోకములో అంగుళము ఎత్తున నిలుచును. ఇంగ్లండులోని ఎయిర్‌ఫిక్స్ సంస్థ 1953లో వెలువరించిన స్పిట్‌ఫైర్ యుద్ధవిమానపు నమూనా ఈ స్కేలులోనిదే. ఇట్టి నమూనాల భాగములను పెట్టెతో సహా కొని తెచ్చి అతుకువారు కొందరు. అట్ట, వెదురు, కలప సమకూర్చుకొని మొదటినుండి తామే చేసికొనువారు మరికొందరు.

చిన్న బొమ్మలలో పెద్ద లోకమును చూచుట తెలుగువారికి క్రొత్త గాదు. బొమ్మల కొలువు తీర్చు ఇండ్లలో మెట్లమీద దేవతామూర్తులను నిలిపి, క్రింద మట్టితో కొండను, ఇసుకతో ఏటిని, మొలకెత్తిన గింజలతో పచ్చని పైరును అమర్చు ముచ్చట నేటికిని కలదు. కొండపల్లి కళాకారులు తెల్లపొణికి కర్రను చెక్కి, చింతగింజల పొడితో రంపపుపొట్టు కలిపిన మక్కుతో అవయవములను అతికి, పల్లె జీవితమునంతయు బొమ్మలలోనికి దింపిరి. ఐనను ఆ కళ మార్గము వేరు. తాటిచెట్టు ఎక్కుచున్న కొండపల్లి గీతగానిని చెట్టుతో పోల్చి చూడుడు. మనిషి మిక్కిలి పెద్దగా ఉండును. అది ఆ బొమ్మకు అందమే. నమూనా నిర్మించువానికి ఆ స్వాతంత్ర్యము లేదు. చెట్టు ఎంత పాలున తగ్గినదో మనిషియు అంత పాలుననే తగ్గవలెను. మనస్సునకు ఈ పని చేయు మేలులో ఎక్కువ భాగము ఈ నియమము నుండియే వచ్చునని నా అభిప్రాయము.

దీనికి పాత ఉదాహరణ మొకటి ఇంగ్లండులో కలదు. ఫ్రాన్సుతో యుద్ధము జరుగుచున్న దినములలో పీటర్‌బరో పట్టణమునకు సమీపమున నార్మన్ క్రాస్ అనుచోట యుద్ధఖైదీల కొరకు ఒక పెద్ద శిబిరమును నిర్మించిరి. 1797 నుండి 1814 వరకు అచ్చట వేలకొలది ఖైదీలు నివసించిరి. వారిలో ఫ్రెంచివారును, డచ్చివారును ఎక్కువ; నావికులు అనేకులు. యుద్ధ మెప్పుడు ముగియునో, ఇంటికి ఎప్పుడు పోవుదురో ఎవరికిని తెలియదు. చలి, ఇరుకు, రోగములు వారిని పీడించెను. ఆ శిబిరమున మొత్తము 1,770 మంది మరణించిరి.

ఆ ఖైదీలు ఏమి చేసిరి? తమకు భోజనములో వచ్చిన మాంసపు టెముకలను పారవేయక, ఉడికించి, శుభ్రపరచి, తెల్లగా చేసి, చిన్న చిన్న పలకలుగా కోసిరి. ఆ పలకలతో ఓడల నమూనాలను నిర్మించిరి. స్తంభములు నిలిపిరి, ఫిరంగులు అమర్చిరి, తెరచాపల త్రాళ్లకు బదులు కొన్నింటికి తల వెండ్రుకలను వాడిరి. గడ్డిపరకలకు రంగులద్ది పెట్టెలమీద చిత్రములు పొదిగిరి. శిబిరపు ద్వారము వద్ద జరుగు సంతలో వీనిని పరిసర గ్రామములవారు కొనెడివారు. నేడు ఆ వస్తువులలో అనేకములు పీటర్‌బరో వస్తుప్రదర్శనశాలలో ఉన్నవి. వారు ఓడలను ఎక్కువగా జ్ఞాపకమునుబట్టి చేసిరి. కావున వాని పాళ్లు అన్నియెడల కచ్చితముగా లేవు. ఐనను ఏ త్రాడు ఏ స్తంభమునకు పోవలెనో నావికునకు ఒకరు చెప్పనక్కరలేదు.

ఆ పనిలో కొంత డబ్బు వచ్చినమాట నిజమే. ఆ డబ్బుతో రొట్టెయు, పొగాకును కొనుక్కొనిన మాటయు నిజమే. కాని విడుదల దినము తెలియని మనిషికి, నేటి సాయంకాలమునకు ఒక స్తంభము నిలుపవలెనను పని దొరకుట రొట్టెకంటె తక్కువ భాగ్యము కాదు. తన ఆధీనమున లేని పెద్ద కాలమును ప్రక్కన నుంచి, తన ఆధీనమున నున్న చిన్న కాలమును అతడు చేపట్టగలిగెను. ఎముకల ఓడ రోగములను ఆపలేదు, గోడలను పడగొట్టలేదు. అది చేసినది మనస్సునకు ఒక పట్టుకొమ్మ నిచ్చుట మాత్రమే.

ఖైదీలు అవసరముచే కనుగొనిన ఈ సంగతిని వైద్యులు శాస్త్రముగా గ్రహించుటకు మరియొక నూరేండ్లు పట్టెను. అమెరికాలో జార్జి ఎడ్వర్డ్ బార్టన్ అను గృహశిల్పి ఉండెను. ఇండ్లకు నక్షలు గీయుట అతని వృత్తి. క్షయవ్యాధితో బాధపడి, తరువాత శరీరమున ఒక పార్శ్వము చచ్చుబడగా, అతడు తోటపనిని, వడ్రంగమును అభ్యసించి క్రమముగా కోలుకొనెను. న్యూయార్కు రాష్ట్రములోని క్లిఫ్టన్ స్ప్రింగ్స్ అను ఊరిలో తన ఇంటిలోనే రోగుల కొరకు పనిముట్ల గది నేర్పరచెను. 1917 మార్చిలో ఆ యింటనే డాక్టరు విలియం రష్ డంటన్, శ్రీమతి ఎలినార్ క్లార్క్ స్లేగిల్ మొదలగువారు సమావేశమై, పనిద్వారా చికిత్స చేయు పద్ధతిని వ్యాప్తి చేయుటకు ఒక సంఘమును స్థాపించిరి. ఆక్యుపేషనల్ థెరపీ అను వృత్తికి ఇది పునాది. 1921లో ఆ సంఘపు సమావేశమున డాక్టరు అడాల్ఫ్ మేయర్ ఉపన్యసించుచు, మనిషి జీవితమున పని, ఆట, విశ్రాంతి, నిద్ర అను నాలుగింటికి ఒక లయ ఉండవలెననియు, ఆ లయను మరల సంపాదించుటయే రోగికి ముఖ్యమనియు వివరించెను. మన దేశమున ఈ విద్యకు ఆద్యురాలు శ్రీమతి కమలా నింబ్కర్. ఆమె కృషివలన 1950లో బొంబాయిలోని కె.ఇ.ఎం. ఆసుపత్రిలో ఈ చికిత్సను నేర్పు పాఠశాల వెలసెను.

ఇక నమూనాల పని మనస్సులో ఏమి చేయునో విచారింతము.

మొదటిది, దృష్టి. దిగులు పడువాని మనస్సు ఒకే త్రోవన గానుగెద్దువలె తిరుగును. “ఆలోచింపకుము” అని చెప్పినంత మాత్రమున అది ఆగదు. దానికి వేరొక పని ఈయవలెను. ఆ పనియు కంటిని, చేతిని, ఊహను ఒక్కసారిగా కోరునదై ఉండవలెను. 2009లో ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డులో ఎమిలీ హోమ్స్ బృందము ఒక పరీక్ష జరిపెను. భయంకరములైన దృశ్యములుగల చలనచిత్రమును కొందరికి చూపి, అరగంట పిమ్మట వారిలో కొందరిచే ముక్కలను అమర్చు టెట్రిస్ అను ఆటను పది నిమిషములు ఆడించిరి. ఆడినవారికి తరువాతి వారమున ఆ దృశ్యములు అప్రయత్నముగా కండ్లముందు మెదలుట తక్కువయ్యెను. ఆకారములను చూచుచు, త్రిప్పుచు, అమర్చు పని సాగుచుండగా, భయపు బొమ్మలకు మనస్సులో చోటు తగ్గునని దీని భావము. వారు వాడినది నమూనా కాదు. ఐనను ఆకారమును ఆకారముతో సరిచూచుట నమూనా పనిలో అడుగడుగునను కలదు.

రెండవది, పూర్తి చేసితినను తృప్తి. మనస్సు బాగుపడిన పిమ్మట పని చేయుదునని బాధితుడు అనుకొనును. వైద్యులు దానిని తలక్రిందులు చేసి, ముందు చిన్న పని చేయుము, ఉత్సాహము వెనుక రానిమ్ము అందురు. నిరాశావ్యాధికి ఈ పద్ధతిలో ఒక చికిత్సయే కలదు. 2016లో బ్రిటనులో 440 మంది రోగులపై జరిపిన పరిశోధనలో, ఈ చికిత్స అంతకుముందే ప్రసిద్ధిచెందిన మరియొక మానసిక చికిత్సకు తీసిపోదని తేలెను. నమూనా పనియందు ఈ సూత్రము సహజముగానే ఇమిడి ఉన్నది. ఇంత పెద్ద వస్తువును చేయగలనా యని భయపడనక్కరలేదు. నేడు ఒక చక్రము. రేపు దాని ఇరుసు. చక్రము పూర్తియైనదో లేదో ఒకరిని అడుగనక్కరలేదు, బల్లమీద కనుపించును. దినమంతయు ఏమియు చేయలేకపోతినని కుములు మనిషికి, ఇదిగో ఇది చేసితినని చూపుటకు చేతిలో ఒక వస్తువు మిగులును.

మూడవది, కొలత. నమూనా పనిలో మనిషికి ఎదురుగా నున్నది అడుగుబద్ద. అది పొగడదు, నిందింపదు. ముక్క రెండు మిల్లీమీటర్లు ఎక్కువైనచో రెండు మిల్లీమీటర్లే ఎక్కువని చెప్పును. “నీవు దేనికిని పనికిరావు” అని చెప్పదు. దుఃఖితుని మనస్సు తన లోపములను లెక్కకు మించి పెంచి చూచుటకు అలవాటు పడినది. అట్టివాడు ప్రతిదినము కొంతసేపు, ఎంత పొరపాటో అంతే చూచుట, దానిని ఉప్పుకాగితముతో అరగదీసి సరిచేయుట అభ్యసించినచో, ఆ అలవాటు బల్లవద్దనే ఆగిపోదు. ఇంటిలోని చిక్కులను సైతము వాని నిజమైన పరిమాణమున చూచుట క్రమముగా అలవడును. ఈ మూడవ గుణము అల్లికకును, చిత్రలేఖనమునకును కొంత కలదు గాని, స్కేలు ప్రకారము చేయు నమూనాకు ఇది ప్రాణము.

ఇట్టి మేలు పొందుటకు పనివాడితనము ముందే ఉండవలెనా? అక్కరలేదు. 2016లో అమెరికాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయమున గిరిజా కైమల్ బృందము 39 మంది వయోజనులచే బంకమట్టి, రంగు కలములు, కాగితపు ముక్కలతో 45 నిమిషములు తమకు తోచిన వస్తువులను చేయించెను. పనికి ముందును, వెనుకను వారి లాలాజలమును పరీక్షించి, ఒత్తిడివేళ శరీరమున పెరుగు కార్టిసాల్ అను పదార్థమును కొలిచిరి. సుమారు ముప్పాతిక మందిలో అది తగ్గెను. అంతకుముందు కళాభ్యాసము ఉన్నవారికిని, లేనివారికిని ఈ విషయమున భేదము కనుపింపలేదు. మిగిలిన పాతికమందికి అట్టి తగ్గుదల లేకపోవుటయు గమనింపదగినదే. ఏ పనియు అందరికిని ఒకే విధముగా సరిపడదు.

మరి, ఎచ్చట మొదలుపెట్టవలెను? రాజమహేంద్రవరమున గోదావరిపై 1997లో పూర్తియైన కమానుల రైలువంతెనను మీలో అనేకులు చూచియుందురు. దానికి 28 కమానులు. ఒక్కొక్క కమాను పొడవు 97.55 మీటర్లు. ఈ వంతెనను 1:200 స్కేలున చేయదలచితిమనుకొందము. వంతెన మొత్తము సుమారు పదమూడున్నర మీటర్లు అగును. అది ఏ యింటి గదిలోను పట్టదు. మొదటిదినముననే ఇంతటి పని నెత్తికెత్తుకొనినవాడు వారములో విసిగి వదలిపెట్టును. ఇదియును చేయలేకపోతినను దిగులొకటి అతనికి అదనముగా మిగులును. ఒక్క కమానునే చేయదలచితిమా, అది 49 సెంటీమీటర్లు. అనగా మూరకు కొంచెము మించును. మామూలు బల్లమీద హాయిగా నిలుచును. ఆ వంతెనమీద నడుచు మనిషి వడ్లగింజంత ఎత్తుండును. ఒక్క కమాను చేసినవాడు గోదావరి వంతెనను చేసినవాడే.

దీనికి కావలసిన సామగ్రి స్వల్పము. దళసరి అట్ట, సన్నగా చీల్చిన వెదురుబద్దలు, దారము, తెల్ల జిగురు, అడుగుబద్ద, పెన్సిలు, కత్తెర, ఉప్పుకాగితము చాలును. ముందుగా ఛాయాచిత్రమును చూచి, కాగితముపై నిజమైన నమూనా పరిమాణముననే కమానును గీయవలెను. రెండవ దినమున వెదురుబద్దను నీట నానబెట్టి, గీతవెంట మేకుల మధ్య వంచి ఆరనీయవలెను. ఇట్టివి రెండు బద్దలు కావలెను. ఏలయన, ప్రతి కమానునకు జంట విల్లులు ఉండును. ఆ తరువాత అట్టతో రైలుమార్గపు తొట్టిని చేసి, విల్లులనుండి దారములతో వ్రేలాడదీయవలెను. దారము లన్నియు ఒకే బిగువున ఉండునట్లు చూచుటలో ఒక సాయంకాలము గడచిపోవును. జిగురు ఆరువరకు చేయునది ఏమియు లేదు. ఊరక కూర్చుండవలెను. ఈ నిరీక్షణమును కష్టముగా భావింపవద్దు; తొందరపడుట తప్ప ఎరుగని మనస్సునకు ఇది మంచి శిక్షణ. దినమునకు ముప్పది లేక నలువది నిమిషములు, వీలైనంతవరకు ఒకే వేళకు, ఈ పనికి కేటాయించుట మేలు. ఆ వేళ చేతిలోని ఫోనును వేరొక గదిలో నుంచవలెను.

కొందరి దుఃఖము పోయినదానిని గూర్చినది. వారికి వంతెనకంటె ఇల్లు తగిన వస్తువు కావచ్చును. ఈ సందర్భమున నాగార్జునకొండను తలచుకొనుట ఉచితము. నాగార్జునసాగరమున మునిగిపోవనున్న ఆ లోయలో 1954 నుండి 1960 వరకు త్రవ్వకములు జరిపి, పురాతన కట్టడములలో ముఖ్యమైనవానిని కొండమీదను, అనుపువద్దను మరల నిలిపిరి. కొండమీది ప్రదర్శనశాలలో ఆ మునిగిన లోయయొక్క నమూనాను నేడును చూడవచ్చును. లోయ నీటి క్రిందనే ఉన్నది. అది ఎట్లుండెనో, ఏది ఏ దిక్కున నుండెనో తెలియుటకు మాత్రము ఆ నమూనా సాక్ష్యముగా నిలిచినది.

జలాశయములలో ఊళ్లు మునిగినవారు, అప్పులకు ఇల్లమ్ముకొన్నవారు, పిల్లలవెంట దూరదేశములకు పోయిన వృద్ధులు మనలో తక్కువమంది కారు. తాము పుట్టి పెరిగిన మండువా లోగిలిని 1:50 స్కేలున అట్టతో చేయుదురు గాక. పండ్రెండు మీటర్ల యిల్లు 24 సెంటీమీటర్లగును. రెండు మీటర్ల తలుపు నాలుగు సెంటీమీటర్లగును. “అమ్మా, వీధి అరుగు ఎన్ని మూరలుండేది? దూలమునకు ఉయ్యాల ఎక్కడ కట్టేవారు?” అని కుమార్తె అడుగును, తల్లి జ్ఞాపకము చేసికొని చెప్పును. అంతవరకు “అంతా పోయినది” అను ఒక్క మాటలో ఇరుకుకొనియున్న దుఃఖము, అరుగుగా, మెట్లుగా, పెరటి నూతిగా విడివడి మాటలలోనికి వచ్చును. కన్నీరు వచ్చినను రానిండు. దుఃఖమును దాచుటకంటె, ఒకరితో కలిసి కొలుచుట మంచిది. ఐతే తల్లికి ఇష్టము లేనిచో బలవంతము చేయరాదు. ఏ గది వద్ద ఆమె ఆగిపోవునో, ఆ గదిని ఆనాటికి అట్లే వదలుట న్యాయము.

ఇచ్చట కుటుంబమువారికి ఒక విన్నపము. పదవీవిరమణ పొందిన పెద్దమనిషి బల్లముందు కూర్చుండి అట్టముక్కలు కత్తిరించుచుండగా, “ఈ వయసులో ఈ బొమ్మలాటలేమిటండీ?” అను మాట ఇంటిలో తేలికగా వచ్చును. పరీక్ష తప్పిన కుఱ్ఱవాడు ఓడను అతుకుచుండగా, “ఆ శ్రద్ధ చదువుమీద పెడితే బాగుపడేవాడివి గదరా!” అను మాట తండ్రి నోట అంతకంటె తేలికగా వచ్చును. ఈ మాటలు అడుగుబద్ద వంటివి కావు. అవి మనిషినే కొలిచి తక్కువ చేయును. “దీనివలన లాభమేమి?” అని అడుగవద్దు. “త్వరగా పూర్తిచేయుము” అని తొందరపెట్టవద్దు. అతిగా పొగడవలసిన పనియు లేదు. ప్రక్కన కూర్చుండి, “ఈ భాగము పేరేమిటి?” అని నిజమైన కుతూహలముతో అడిగిన చాలును. తన బాధను గూర్చి నోరు విప్పనివాడు సైతము తన ఓడను గూర్చి మాటలాడును. ఎదురెదురుగా కూర్చుండి మాటలాడలేని తండ్రికొడుకులు ఒకే బల్లపై తలలు వంచి పనిచేయునప్పుడు, జిగురు ఆరులోపల, ముఖ్యమైన మాట ఒకటి బయటపడవచ్చును. బ్రిటనులో మాజీ సైనికులకు నమూనా పెట్టెల నిచ్చి, కలిసి కూర్చుండి చేయించుటకే ఒక ధర్మసంస్థ పనిచేయుచున్నది. అచ్చట సైతము పనితోపాటు సాంగత్యము ఒక భాగము.

ఈ పనికి హద్దులును కలవు. వానిని చెప్పకుండుట న్యాయము కాదు. కొందరు మనుష్యులనుండి పారిపోవుటకు నమూనాను చాటు చేసికొందురు. భోజనమునకు పిలిచినను రాక, నిద్రమాని, రాత్రులెల్ల బల్లవద్ద గడపుచున్నచో అది ఊరట కాదు, హెచ్చరిక. మరికొందరు పరిపూర్ణతకై తపించి, వెంట్రుకవాసి తేడాకు మొత్తమును విరిచివేయుదురు. అట్టివారు మొదటి రెండు నమూనాలను బంధువుల పిల్లలకు ఈయవలెనని నిశ్చయించుకొని మొదలుపెట్టుట మంచిది. ఖరీదైన పెట్టెలను అప్పుచేసి కొని, విప్పకుండ బీరువాలో పేర్చుట సైతము ఈ వ్యసనములో ఒక రకమే. ప్లాస్టిక్‌ను అతుకు జిగురులు, రంగులు ఘాటైన ఆవిరిని వెడలించును. కిటికీలు తెరచి పనిచేయవలెను. పసిపిల్లలకు కత్తి, జిగురు అందనీయరాదు. ప్రాణము తీసికొనవలెనను తలంపు ఉన్నవారిని ఒంటరిగా విడువరాదు; వారికి పదునైన పనిముట్లు అందనీయరాదు. అట్టివారికి ఊరటనిచ్చు పనులకంటె ముందు వైద్యసహాయము కావలెను.

ఏలయన, నమూనా మందు కాదు; వైద్యుని స్థానమును అది పొందజాలదు. 2015–16 సంవత్సరములలో మన దేశపు 12 రాష్ట్రములలో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో, వయోజనులలో నూటికి 10.6 మందికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉన్నట్లు తేలెను. వ్యాధినిబట్టి నూటికి 70 నుండి 92 మంది వరకు చికిత్స అందనివారే. మనలో లోపము విసుగుకంటె ఎక్కువగా సిగ్గు. కాలు విరిగినవానిని ఆసుపత్రికి మోసికొనిపోవు ఇరుగుపొరుగు, మనస్సు విరిగినవానికి ధైర్యము చెప్పి ఊరకుందురు. రెండు వారములకు పైగా నిద్ర చెడి, ఆకలి చెడి, దేనియందును ఇష్టము లేక, చేతిపని సైతము రుచింపక ఉన్నచో వైద్యుని చూడవలెను. 2022 అక్టోబరు 10వ తేదీన కేంద్ర ప్రభుత్వము టెలీ మానస్ అను సేవను ప్రారంభించినది. 14416 అను సంఖ్యకు ఫోను చేసినచో, పగలుగాని రాత్రిగాని, రుసుము లేకుండ, తెలుగులోనే సలహా పొందవచ్చును. ఈ సంఖ్యను గోడమీది క్యాలెండరుపై వ్రాసియుంచుకొనుడు. మన యింటికి కాకున్నను పొరుగింటికి ఉపయోగపడవచ్చును.

చికిత్స జరుగుచుండగా ఉదయమునకును సాయంకాలమునకును నడుమ అనేక గంటలుండును. మందులు మ్రింగుటకు రెండు నిమిషములు. వైద్యునితో మాటలాడుటకు అరగంట. మిగిలిన కాలమును రోగి తానే గడపవలెను. కుటుంబము అతనితో గడపవలెను. ఆ ఖాళీ గంటలలో చేతికి ఒక పని, కంటికి ఒక కొలత, సాయంకాలమునకు పూర్తియైన ఒక చిన్న భాగము ఉండుట సామాన్యమైన మేలు కాదు. దానికి పాండిత్యము అక్కరలేదు. పెద్ద వ్యయము లేదు. ఇంటిలో పాత అట్టపెట్టె యొకటి ఉండకపోదు. వచ్చు ఆదివారమున దానిని విప్పి, అడుగుబద్ద పుచ్చుకొని, మీకు ప్రియమైన ఒక కట్టడమునుండి ఒక్క కిటికీని ఎన్నుకొని మొదలుపెట్టుడు. ఇంటిలో దిగులుతో నున్నవారు ఎవరైన ఉన్నచో, అడుగుబద్దను వారి చేతికిచ్చి, గీత గీయుట మీరు వారినుండి నేర్చుకొనుడు.